సున్నా వరస

భ్రమరాంబ గారికి కాకినాడలో ఒక ఉద్యోగం ఉంటే, ఆవిడ రక్తానికి ఇంకో ఉద్యోగం ఉంది. ఆవిడేమో కిడ్నీ మార్పిడికి ముందు రక్తపరీక్షలు చేసే ల్యాబులో సీనియర్ టెక్నీషియన్. ఆవిడ రక్తమేమో అదే ల్యాబులో పదకొండేళ్లుగా సున్నా.

సున్నాయే కదా అని తీసిపారెయ్యకండి. ఆ ల్యాబులో సున్నాకున్న మర్యాద డైరెక్టరు గారికి కూడా లేదు.

ప్రతి సోమవారం పొద్దున్నే భ్రమరాంబ గారు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపి అయిదు మిల్లీలీటర్ల రక్తం ఇస్తారు. ఆ తర్వాత లేచి, చేతులు కడుక్కుని, ఆ రక్తాన్ని తనే పరీక్షకి సిద్ధం చేసుకుంటారు. వాళ్లు వాడే ప్లేటు పేరు జాడపలక. డాక్టర్ కృపావతి గారు ఆరేళ్లు కష్టపడి తయారుచేసిన వస్తువు అది. అరచేతిలో పట్టే పలక మీద సూదిమొన పట్టేంత గడులు, మనిషికో వరస, వరసకి రెండొందల నలభై. ఒక్కొక్క గడి అడుగున ఒక్కొక్క యాంటీజెన్ అతికించి ఉంటుంది. యాంటీజెన్ అంటే మనిషి కణాల మీద పుట్టుకతో వచ్చే గుర్తు. మీ గుర్తులు మీవి, నా గుర్తులు నావి.

ముందు వెన్న తీసిన పాలపొడి కలిపిన నీళ్లు పోస్తారు. గడిలో ఖాళీగా ఉన్న చోటంతా పాలు పట్టేస్తాయి. ఇక అక్కడ అనవసరమైనదేదీ అంటుకోదు. ఆ పైన రోగి రక్తం నుంచి తీసిన సీరం చుక్క. పరాయి గుర్తు ఒకసారి ఒంట్లోకి వస్తే దాని మీద యాంటీబాడీ పుడుతుంది. ఆ రక్తంలో ఏ గుర్తుకైనా సరిపడే యాంటీబాడీ ఉంటే అది వెళ్లి ఆ గుర్తును పట్టుకుని కూర్చుంటుంది. మిగతాదంతా కడిగితే పోతుంది. రంగు మందు వేస్తే, పట్టుకున్న గడి నీలం అవుతుంది. అలా నీలమైన గుర్తు కిడ్నీ ఇచ్చే మనిషిలో ఉందంటే ఆ కిడ్నీ పనికిరాదు. పెట్టినా పూట తిరక్కుండా నల్లబడిపోతుంది.

అయితే ఎంత కడిగినా పలక మీద కాస్త రంగు ఊరికే నిలుస్తుంది. అది ఎంతో తెలియాలంటే ఏ పరాయి గుర్తునూ ఎన్నడూ ఎరగని రక్తం ఒకటి పక్కన ఉండాలి. అదే పై వరస, సున్నా వరస. దానిలో ఎంత నీలం కనిపిస్తే అంతా మిగతా రోగుల లెక్కలోంచి తీసేస్తారు.

పదకొండేళ్ల కిందట డాక్టర్ కృపావతి సున్నా వరసకి మనిషిని వెతుకుతూ భ్రమరాంబ గారిని మూడు ప్రశ్నలడిగింది. పరాయి మనిషి గుర్తు ఒంట్లోకి రావడానికి ఉన్న దారులు మూడే మరి.

"ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నారా?"

"లేదమ్మా."

"ఆపరేషన్‌లో ఇంకొకరి అవయవం ఏదైనా?"

"లేదమ్మా."

"గర్భం?" అడిగేటప్పుడు డాక్టరు గొంతు కొంచెం తగ్గింది. కడుపులో పెరిగే బిడ్డకి సగం గుర్తులు తండ్రివి కదా, తల్లికి అవి పరాయివే.

"ఒక్కసారి కూడా లేదమ్మా. రాసుకో."

ఇంటికెళ్లి ఆ సంగతి భర్తకి చెప్పి ఆవిడ పడీపడీ నవ్వారు. అత్తగారు బతికుండగా ఏ మాటతో ఆవిడని పొడిచేవారో, ఆడపడుచు సీమంతానికి గాజులు తొడిగే ముత్తైదువుల్లో చేరనివ్వకుండా ఏ కారణం చెప్పి పెద్దకోడలైన ఆవిడని పక్కన కూర్చోబెట్టారో, ఆ గొడ్రాలితనమే ఇక్కడ యోగ్యత అయింది! "చూశారా, నాకూ ఒక పదవి వచ్చింది" అన్నారు. నవ్వారు గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇలా పదకొండేళ్లు గడిచాక ఒక సోమవారం పలక మీది రంగు కొలిచే కొత్త రీడరు వచ్చింది. అది పాతదాని కంటే వందరెట్లు సన్నంగా చూస్తుంది. దాంతో వాడడానికి డాక్టరు కొత్త పద్ధతి కూడా ముందే కనిపెట్టి ఉంచింది. యాంటీబాడీ ఎంత పాతదైతే దాని పట్టు అంత బిగుస్తుందట. అందుకని ఘాటు మందు నీళ్లతో, ఒకసారి కంటే ఒకసారి ఘాటు పెంచుతూ, ఏడుసార్లు కడుగుతారు. ఎన్నో కడుగులో వదిలిందో చూస్తే అది ఎన్నేళ్ల నాటిదో చెప్పొచ్చు. ఢిల్లీ ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చే నెలలో ఈ పద్ధతిని దేశమంతటికీ ఖాయం చేయబోతున్నారు.

భ్రమరాంబ గారు ముందు సున్నా వరసనే రీడరులో పెట్టారు. రెండొందల ముప్ఫై తొమ్మిది గడులు తెల్లగా ఉన్నాయి. నూట పదిహేడో గడి నీలంగా ఉంది.

"ఛీ, మురికి" అనుకున్నారు.

ఆ గడి దగ్గర ఎప్పుడూ లేతగా ఏదో రంగు ఉండేది. పలక తయారీలోనే అలా వస్తోందనుకుని ఏళ్ల తరబడి ఆ కాస్తా అందరి లెక్కలోంచీ తీసేస్తూ వచ్చారు. కొత్త రీడరు కళ్లకి అది లేత కాదు. ఆవిడ మళ్లీ కొత్త పలక తీశారు, పాలనీళ్లు తాజాగా కలిపారు, గ్లవ్స్ మార్చారు. మళ్లీ నీలం. మూడోసారి చుక్కలు వేసే పైపెట్లు కూడా మార్చారు. మళ్లీ అదే గడి. పట్టుదల వచ్చి కడుగులు మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. రోగుల గడులు చాలావరకు అయిదో కడుగుకే వదిలేస్తాయి. ఇది ఏడో కడుగైనా వదల్లేదు. ఇంకా మిగిలిన రంగుని బట్టి లెక్కకట్టి రీడరు తెర మీద ఒక అంకె వచ్చింది. సుమారు ముప్ఫై ఒక్క ఏళ్లు.

ఆవిడకి పెళ్లయి ముప్ఫై మూడేళ్లు.

స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు భ్రమరాంబ గారు. మూడు దారులు. రక్తం ఎక్కించుకోలేదు. అవయవం పెట్టించుకోలేదు. మూడోదారి తలుపు దగ్గర ఆవిడ మనసు ఆగిపోయింది, లోపలికి వెళ్లడానికి భయం వేసింది.

పెళ్లయిన మూడో ఏడు. యాభై రోజులు దాటినా నెలసరి రాలేదు. ఎవరికైనా చెప్పడానికి సిగ్గు, ఆశపడడానికి భయం. ఇంకో వారం చూసి చెబుదామనుకుంది. ఈలోపు ఆయన స్నేహితుడి కొత్త బోటు నీళ్లలోకి దింపుతున్నారంటే, రాజ్‌దూత్ బండి మీద వెనకాల కూర్చుని ఉప్పాడ బీచ్ రోడ్డు మీదుగా వెళ్లింది. కెరటాలు కొట్టి కొట్టి ఆ రోడ్డు ఎక్కడికక్కడ గోతులు. మర్నాడు కడుపులో నొప్పి, ఆ వెనకే నెలసరి, మామూలు కంటే బాగా ఎక్కువ. "వేడి చేసిందే, మజ్జిగ తాగు" అన్నారు అత్తగారు. తాగింది. మూడో రోజు నుంచి మామూలుగా పనిలో పడింది. ఏమీ లేదనుకుంది. ఏమీ లేదని ముప్ఫై ఒక్క ఏళ్లు అనుకుంది.

సాయంత్రం జగన్నాథపురంలో ఇంటికి వెళ్లేసరికి గవర్రాజు గారు అరుగు మీద కిరసనాయిలుతో చేతులు తోముకుంటున్నారు. ఆయన బోటు ఇంజన్ల మెకానిక్. హార్బరులో ఏ ఇంజను దగ్గినా చప్పుడు విని రోగం చెప్పేస్తారు. ఇంట్లో భార్య గొంతు విషయంలోనూ అంతే.

"ఏంటే, గొంతు అలా ఉంది? జలుబా?"

"ఏం లేదండీ. వేలు ఇలా ఇవ్వండి, షుగరు చూస్తాను."

"నిన్ననే కదే చూశావు! నూట ముప్ఫై అన్నావు."

"ఇవాళ మళ్లీ చూడకూడదా?"

"చూడు తల్లీ, చూడు. నా రక్తం మీద నీకు లేని హక్కా?" అని వేలు చాపారు. సూది గుచ్చి, ఒక చుక్క షుగరు పట్టీ మీద వేసి, ఇంకో నాలుగు చుక్కలు చిన్న గొట్టంలోకి పట్టారు ఆవిడ. గొట్టాన్ని చీర కొంగు చాటున దాచారు. ముప్ఫై మూడేళ్ల కాపురంలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అది. ఆయన రామల చేపపులుసు పెట్టించుకుని, వేలు చప్పరించుకుంటూ, హార్బరులో ఎవరో ఇంజనులో ఆముదం పోసిన కథ చెబుతూ తిన్నారు. ఆవిడకి ఒక్క ముక్క కూడా ఎక్కలేదు.

మంగళవారం పెందలాడే ల్యాబుకి వెళ్లి, భర్త రక్తకణాల నుంచి గుర్తులు తీసి, ఖాళీ పలక మీద అతికించారు. పాలనీళ్లు పోశారు. తన సీరం చుక్క వేశారు. గంట ఆగారు. ఆ గంటలో ఆవిడ కోరుకున్నది ఏమిటో ఆవిడకే తెలియదు. నీలం రాకపోతే బాగుండునా? వస్తే బాగుండునా?

రంగు మందు వేశారు. గడి నీలమైంది, నేరేడుపండు చిదిపినట్టు.

గట్టిగా ఏడ్చేస్తానేమో అని భయపడి ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. వచ్చాడు. లేదా వచ్చింది. యాభై రోజులే అయినా వచ్చింది. తండ్రి గుర్తు తెచ్చుకుని మరీ వచ్చింది. ఆవిడ మరిచిపోయినా, అసలు ఎరగకపోయినా, రక్తం మరిచిపోలేదు.

అలా ఎంతసేపు కూర్చున్నారో, ఎదురుగా గోడ మీది బోర్డు కంట పడింది. గురువారం ఆపరేషన్: నూకరత్నం, తుని. కిడ్నీ ఇచ్చేది: భర్త సత్తిబాబు. రిపోర్టు: అడ్డు లేదు.

భ్రమరాంబ గారు ఫైలు లాగారు. సత్తిబాబుకి ఉన్న గుర్తుల్లో నూట పదిహేడు ఉంది. నూకరత్నానికి ముగ్గురు పిల్లలు. ఆమె వరసలో నూట పదిహేడో గడి దగ్గర లేత నీలం వచ్చింది. సున్నా వరసలో కూడా అంతే నీలం ఉంది కాబట్టి తీసేశారు, చివరికి ఏమీ లేదని తేలింది. ఆ తీసివేత చేసి సంతకం పెట్టింది తనే. పై వరసలో ఉన్నది సున్నా కాదు. అది ఒక బిడ్డ. ఆ బిడ్డ జాడని మురికి అనుకుని, అంతే జాడ ఇంకో తల్లి రక్తంలో ఉంటే దాన్నీ తుడిచేశారు. గురువారం ఆ కిడ్నీ పెడితే నూకరత్నం ఏమవుతుందో ఆవిడకి డాక్టరు చెప్పక్కర్లేదు.

కృపావతి గది తలుపు తోసుకుని వెళ్లి, నిలబడే, మొదటి నుంచీ చెప్పేశారు. బండి, మజ్జిగ, షుగరు పట్టీ అబద్ధం, అన్నీ.

వింటున్న డాక్టరు ముందు టీ చల్లారి మీగడ కట్టింది.

"ముందు నూకరత్నం ఆపరేషన్ ఆపిస్తాను" అని ఫోను చేసింది. పెట్టేశాక తలపట్టుకుంది. "మూడొందల నలభై రిపోర్టులు మళ్లీ చూడాలి. ఢిల్లీ వాళ్లకి వాయిదా అడగాలి. ఇన్నేళ్ల పని, భ్రమరాంబ గారూ!"

"నా వల్లేనమ్మా."

"మీ వల్ల కాదు. అడిగింది నేను. తెలిసి లేదనలేదు కదా మీరు." తర్వాత గొంతు తగ్గించి అంది, "మీ పేరు, ఈ విషయం బయటికి రానక్కర్లేదు. సున్నా వరస పాడైందని ఒక్క ముక్క రాస్తే చాలు. గవర్రాజు గారికి కూడా చెప్పి తీరాలని లేదు. ఇన్నేళ్ల తర్వాత ఆయన్ని కష్టపెట్టడం ఎందుకు?"

అదే కదా ఆవిడ రాత్రంతా అనుకున్నదీ! ఆ రోజు బండి నడిపింది ఆయన. ఈ మాట చెబితే ఆయన ఆ గోతులన్నీ లెక్కపెట్టుకుంటూ ముసలితనం గడుపుతారు. పిల్లల్లేని లోటు ఎన్నడూ ఎత్తని మనిషి, తల్లి నోరు పారేసుకున్నప్పుడల్లా భార్య పక్కన వచ్చి నిలబడిన మనిషి. ఆ మనిషి నెత్తిన ఈ బరువు పెట్టడమా? తన నోరు మూసుకుంటే ఆయన హాయిగా రామల పులుసు తింటారు.

"పాడైందని రాయకమ్మా" అన్నారు చివరికి. "పాడవలేదు. ఉన్నదున్నట్టు రాయి. లేకపోతే రేపు ఇంకో ల్యాబువాళ్లు ఇంకో గొడ్రాలిని పట్టుకుని ఇదే ప్రశ్న అడుగుతారు. ఆవిడా నాలాగే ఒక్కసారి కూడా లేదంటుంది. ఆడవాళ్లకి తెలియకుండా కూడా బిడ్డలు వచ్చి వెళతారని అందులో రాయి."

"మరి ఇంట్లో?"

"ఆయన రక్తం అడక్కుండా తీశాను. చెప్పకుండా ఎలా ఉంచుకుంటానమ్మా?"

సాయంత్రానికి నూకరత్నం రక్తం కొత్త రీడరులో పెట్టారు. నూట పదిహేడు నీలం, నాలుగో కడుగుకి కూడా వదల్లేదు. సత్తిబాబు వరండాలో కూలబడి, "నా పెళ్లానికి నా కిడ్నీ పడదా? ఇదెక్కడి న్యాయమండీ?" అని గోల పెట్టాడు. భ్రమరాంబ గారే వెళ్లి పక్కన కూర్చుని, "నీ పిల్లల్ని మోసింది కదయ్యా, అందుకే నీ గుర్తు ఆమెకి కంఠతా వచ్చేసింది" అని నచ్చజెప్పారు. నూకరత్నం తమ్ముడు మర్నాడే వచ్చి, తన కిడ్నీ పడుతుందేమో చూడమని పరీక్షకి చెయ్యి చాపాడు.

బుధవారం సాయంత్రం గవర్రాజు గారు చేతులు తోముకోవడం అయ్యేదాకా ఆగి, కుర్చీ ఎదురుగా వేసుకుని భ్రమరాంబ గారు చెప్పారు. ఆయన అంతా విని లేచి, తోముకున్న చేతులే మళ్లీ తోముకోవడం మొదలుపెట్టారు.

"చేతులు తెల్లగానే ఉన్నాయండీ" అన్నారు ఆవిడ.

"రాజ్‌దూత్" అన్నారు ఆయన. "నేనే కదే ఎక్కించుకెళ్లాను. నువ్వు మెల్లగా నడపమన్నావు. నేను వినలేదు."

ఇదిగో, ఇందుకే ఆవిడ భయపడింది. "బండి వల్ల కాదండీ. డాక్టరు గారిని అడిగాను. అంత తొలి రోజుల్లో పోయినవి చాలావరకు వాటంతటవే నిలవవంట."

"చాలావరకు అన్నారు గానీ, అన్నీ అన్లేదు కదా!"

"అన్లేదు" ఒప్పుకున్నారు ఆవిడ. ఇంకో అబద్ధం ఆడదలుచుకోలేదు.

ఆయన అరుగు మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నారు. భుజాలు కదిలాయి. ఆవిడ లేచి ఆ తలని తన పొట్టకి ఆనించుకున్నారు. చాలాసేపటికి తువ్వాల్లోంచే అడిగారు, "పిల్లోడా? పిల్లా?"

"అది చెప్పదండీ. మీ గుర్తు తెచ్చిందని మాత్రం చెబుతుంది."

"అంటే నా గుర్తు కనపడితే నీ రక్తం వెళ్లి పట్టుకుంటదన్నమాట."

"ఊఁ."

"ముప్ఫై ఏళ్లైనా వదల్లేదంటావ్."

"ఏడుసార్లు కడిగానండీ. వదల్లేదు."

తువ్వాలు తీసి ఆయన ఆవిడ వంక చూశారు. కళ్లు ఎర్రగా ఉన్నా నోటి చివర ఏదో కదిలింది. "మొండిఘటానివే నువ్వు. రక్తం కూడా అంతే." ఆ వెంటనే, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు, "నేనొచ్చి చూడొచ్చా?"

సోమవారం పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు గవర్రాజు గారు. జాడపలక మీద ఆ నీలం గడిని రీడరు తెర మీద పెద్దది చేసి చూపించింది డాక్టరు. ఆయన ఇంజను చప్పుడు వినేటప్పుడు వంగినట్టు తెర దగ్గరకి వంగారు. చాలాసేపు చూశారు. చూపుడువేలు తెర దాకా తీసుకెళ్లి, తాకకుండా ఆపేశారు.

"ఇది అరిగిపోతుందా అమ్మా, ఎప్పటికైనా?"

"ఆవిడ ఉన్నంతకాలం ఉంటుందండీ" అంది కృపావతి. తర్వాత కొంచెం మొహమాటపడుతూ, "మీతో ఒక పని పడింది. మాకిప్పుడు కొత్త సున్నా కావాలి. రక్తం ఎక్కించుకోని మగవాళ్లయితే మంచిది. మీకు అభ్యంతరం లేకపోతే..."

"ఆయ్, ఎందుకుంటదండీ? ఇంతకీ మరి ఈవిడ పదవి పోయినట్టేనా?"

"పోలేదు, మారింది. సున్నా ఎంత ముఖ్యమో, పరీక్ష పనిచేస్తోందని చూపడానికి ఖాయంగా నీలం వచ్చే వరసా అంతే ముఖ్యం. ఇక నుంచి ప్రతి పలకలో పై వరస మీది, చివరి వరస ఆవిడది."

ఆయన మూడు ప్రశ్నలకీ లేదు, లేదు, లేదు అని చెప్పి, మూడోదానికి తనే నవ్వేశారు. భ్రమరాంబ గారి ఫారం కూడా కొత్తగా రాయాల్సి వచ్చింది. పేరు, వయసు, రక్తం ఎక్కించుకున్నారా, అవయవ మార్పిడి జరిగిందా. అక్కడిదాకా గబగబా రాశారు. గర్భాల సంఖ్య అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. పదకొండేళ్లు, ఏడాదికొకసారి, ఆ గడిలో సున్నా చుట్టిన చెయ్యి అది.

గవర్రాజు గారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "రాయవే" అన్నారు మెల్లగా.

ఆవిడ ఒకటి వేశారు.

ఆయన ఫారం తీసుకుని దూరంగా పట్టుకుని ఒకసారి చదువుకున్నారు. తిరిగి ఇచ్చేసి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, "ఊఁ, తియ్యి నా రక్తం. ఈసారి షుగరని చెప్పకు" అన్నారు.